చేతి మీది దద్దురు ఏం చెబుతుంది?

నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. అక్కడి నుంచి రైతుల పొలాలకు చేరిన రకాల పేర్లు చదివితే ఈ ప్రాంతం ఏం తిని బతికిందో తెలిసిపోతుంది: నంద్యాల తెల్లజొన్న, సూర్యనంది కొర్ర, నంద్యాల సన్నాలు. గోధుమ ఈ నేల పంట కాదు. జొన్నరొట్టె, కొర్రన్నం, సజ్జరొట్టె తిని పెరిగిన తరాలకు గోధుమ కనబడేది పండగ పూట ఓళిగల్లో, చుట్టాలొచ్చిన రోజు పూరీల్లో.

ఇప్పుడు నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా పిల్లల రోజు గోధుమతోనే తెల్లవారుతోంది. పాలల్లో బిస్కెట్టో రస్కో, టిఫినుకు ఉప్మా, బడి వదిలాక బేకరీలో పఫ్ఫు, రాత్రికి చపాతీ. ఉప్మా రవ్వ గోధుమదేనని తెలియని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకిచ్చే బాలామృతం పొడిలో కూడా గోధుమ ఉంటుంది. దానితోపాటు శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. ఏడెనిమిది నెలల బిడ్డకు ఆ పొడి కలిపి పెట్టిన అరగంటకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయనుకుందాం. తప్పు గోధుమదా, పాలదా, శనగపప్పుదా? తల్లి కంటితో చూసి తేల్చగలిగేది కాదు. ఇలాంటి చోటే చర్మ పరీక్ష పనికొస్తుంది. అయితే ఆ పరీక్ష ఎంత చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియక నష్టపోతున్న పిల్లలు ఉన్నారు. అనవసరంగా తిండి మానిపించడం వల్ల కొందరు చిక్కిపోతారు. అసలైన అలర్జీని ‘వేడి చేసింది’ అని వదిలేయడం వల్ల కొందరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

‘మా పిల్లోడికి గోధుమ పడదు’ అన్న ఒక్క మాట వెనక రెండు మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. మొదటిది అసలైన అలర్జీ. ఇది త్వరగా బయటపడుతుంది. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవులూ కళ్లూ వాయడం, వాంతులు, దగ్గు, పిల్లికూతలు కనిపిస్తాయి. రెండోది సీలియాక్ జబ్బు. ఇది నెలల తరబడి నెమ్మదిగా సాగుతుంది. గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు. బిడ్డ బరువు పెరగదు, పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు తగ్గవు, రక్తం పట్టదు. ఈ రెండూ కాకుండా కడుపుబ్బరంతో ఆగిపోయే ఇబ్బంది మూడోది.

చర్మ పరీక్ష మొదటిదానికి మాత్రమే. సీలియాక్ జబ్బును అది పట్టుకోలేదు. దానికి టీటీజీ అనే రక్త పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూడటం ఉన్నాయి. పైగా ఆ పరీక్షలు సరిగా రావాలంటే బిడ్డ అప్పటిదాకా గోధుమ తింటూ ఉండాలి. ‘ముందు మాన్పించి చూద్దాం’ అని నెలల తరబడి చపాతీ ఆపేసి ఆ తర్వాత ఆసుపత్రికి వెళితే జబ్బు ఉన్నా లేదన్నట్టే ఫలితం రావచ్చు.

సీలియాక్ గురించి ఒక భారతీయ అధ్యయనాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. 2016లో వెలువడిన ఆ పరిశోధనలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాలకు చెందిన 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించారు. ఉత్తరాదిలో వెయ్యికి ఎనిమిదిన్నర మందిలో ఈ జబ్బు కనబడితే, దక్షిణాదిలో పదివేలకు ఒక్కరిలోనే కనబడింది. జబ్బుకు దారి తీసే జన్యువులు మాత్రం మూడు చోట్లా ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదివాళ్లు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదివాళ్లు 25 గ్రాములే తింటున్నారు. జొన్న నుంచి చపాతీకి, చపాతీ నుంచి పరోటాకు మారిన రాయలసీమలో ఈ లెక్కలు ఇలాగే ఉండిపోతాయని అనుకోవడానికి లేదు.

ఇక పరీక్ష దగ్గరికి వద్దాం. పిల్లలకు దీనికంటే తేలికైన పరీక్ష మరొకటి ఉండదేమో. రక్తం తీయరు, మత్తు ఇవ్వరు. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. మోచేతికీ మణికట్టుకూ మధ్య, లోపలి వైపు చర్మాన్ని తుడిచి పెన్నుతో గుర్తులు పెడతారు. ఒక్కో గుర్తుకూ మధ్య కనీసం రెండు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. చేయి మరీ చిన్నదైతే వీపు మీద చేస్తారు. ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో చుక్క పడుతుంది: గోధుమ రసం, పాల రసం, గుడ్డు రసం, ఇలా అనుమానం ఉన్నవాటివి మాత్రమే. చుక్క మీదుగా సన్నని లాన్సెట్ మొనతో చర్మం పై పొరను చిన్నగా గుచ్చుతారు. మొన ఒక మిల్లీమీటరుకు మించి దిగదు. చీమ కుట్టినంత నొప్పి, అంతే. మిగిలిన రసాన్ని ఒత్తి తుడిచేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగుతారు. ఆ కాసేపు బిడ్డ చేయి గోక్కోకుండా చూడటమే అన్నిటికంటే కష్టమైన పని.

ఆ వరుసలో తిండికి సంబంధం లేని చుక్కలు రెండు తప్పకుండా ఉండాలి. ఒకటి హిస్టమిన్. అది పడితే ఎవరికైనా దద్దురు లేవాల్సిందే. లేవలేదంటే ఒంట్లో అలర్జీ మందు ప్రభావం ఇంకా ఉందని అర్థం, ఆ రోజు పరీక్ష చెల్లదు. రెండోది ఉప్పునీటి చుక్క. దాంతో ఏమీ లేవకూడదు. కొందరి చర్మం గీసినా ఒత్తినా ఉబ్బుతుంది. అలాంటి చర్మమైతే ఈ చుక్క దగ్గరే బయటపడుతుంది. ఈ రెండూ లేకుండా చేసిన పరీక్ష కాగితాన్ని నమ్మడానికి లేదు. రిపోర్టులో అవి ఉన్నాయో లేదో అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.

గోధుమ చుక్క దగ్గర లేచిన దద్దురు ఉప్పునీటి చుక్క దగ్గరి దానికంటే 3 మిల్లీమీటర్లు, ఆపైన పెద్దదైతే పాజిటివ్ అంటారు. చామనఛాయ, నలుపు ఒంటి మీద చుట్టూ వచ్చే ఎరుపు సరిగా కనబడదు. అందుకే ఇక్కడి పిల్లల విషయంలో కంటితో పాటు వేలి కొనతో తడిమి చూడాలి, ఉబ్బు అంచు చేతికి తగులుతుంది. జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ఆ అంచు చుట్టూ పెన్నుతో గీస్తారు. దాని మీద పారదర్శకమైన టేపు అంటించి లేపితే గీత టేపు మీదికి వస్తుంది. ఆ టేపును కేసు కాగితం మీద అతికిస్తారు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేసినప్పుడు పాత దద్దురు ఎంతదో, కొత్తది ఎంతదో పక్కపక్కన కొలిచి చూడొచ్చు.

పరీక్షకు ముందు సిట్రజిన్ లాంటి అలర్జీ మందులు సుమారు వారం రోజులు ఆపాలి. చాలామంది తప్పేది ఇక్కడే. జలుబుకూ దగ్గుకూ మందుల షాపులో తెచ్చి పోసే సిరప్పుల్లో కూడా క్లోర్‌ఫెనిరమిన్ లాంటి అలర్జీ మందులు ఉంటాయి. ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన బిడ్డకు ముందు రోజు రాత్రి దగ్గు మందు పోశారంటే ఆ ప్రయాణమంతా వృథా. ఉబ్బసానికి పీల్చే మందులు మాత్రం ఆపనక్కర్లేదు, ఆపకూడదు కూడా. తీవ్రమైన అలర్జీ వచ్చి తగ్గిన బిడ్డకైతే నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక పరీక్ష చేస్తారు. ఈలోగా చేస్తే చర్మం స్పందించకపోవచ్చు.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1860ల్లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడు తన తుమ్ములకూ ముక్కు కారడానికీ కారణం వెతుకుతూ, సొంత చేతి చర్మాన్ని గీరి గడ్డి పుప్పొడి అద్దుకున్నాడు. అక్కడ ఉబ్బిన దద్దురు గురించి 1873లో పుస్తకం రాశాడు. 1912లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు ఆస్కర్ ష్లాస్ గుడ్డు, బాదం, ఓట్స్ పడని ఒక అబ్బాయికి చర్మం గీరి పరీక్షించి, తిండి అలర్జీని చర్మం మీద చూపించవచ్చని వివరంగా రాశాడు. ఇదంతా ఎందువల్ల జరుగుతుందో తెలియడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె, తెరుకొ ఇషిజాకా, ఆ మరుసటి ఏడు స్వీడన్ శాస్త్రవేత్తలు జొహాన్సన్, బెన్నిచ్ రక్తంలో ఒక కొత్త యాంటీబాడీని గుర్తించారు. దాని పేరే ఐజీఈ. గోధుమ ప్రొటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకున్న ఐజీఈ చర్మంలోని మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. లాన్సెట్ మొనతో ఆ ప్రొటీన్ లోపలికి చేరగానే ఆ కణాలు హిస్టమిన్ చిమ్ముతాయి. చేతి మీద లేచే దద్దురు అదే.

అంటే దద్దురు లేచిందంటే బిడ్డ ఒంట్లో గోధుమకు ఐజీఈ ఉందన్నమాట. తింటే జబ్బు చేస్తుందని దానర్థం కాదు. ఈ తేడా దగ్గరే సమస్తం ఉంది.

గోధుమ గడ్డి జాతి మొక్క. జొన్న, మొక్కజొన్న, వరి, గట్ల మీది గరిక, అన్నీ అదే కుటుంబం. కేసీ కాలువ కింద, తెలుగుగంగ కింద పొలాలున్న నంద్యాల, ఆళ్లగడ్డ ఊళ్లలో పిల్లలు ఈ పుప్పొళ్ల మధ్యే పెరుగుతారు. గరిక పుప్పొడికి తుమ్ములు వచ్చే పిల్లాడి ఒంట్లో ఆ పుప్పొడికి తయారైన ఐజీఈ గోధుమలోని కొన్ని ప్రొటీన్లను కూడా పోల్చుకుంటుంది, ఎందుకంటే వాటి నిర్మాణం ఒకేలా ఉంటుంది. పరీక్షలో గోధుమ దగ్గర దద్దురు లేస్తుంది. ఆ పిల్లాడు మాత్రం రోజూ పూరీలు తిని హాయిగా ఆడుకుంటూ ఉంటాడు. అతనికి గోధుమ మాన్పించాల్సిన పనే లేదు.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా జరుగుతుంది. పరీక్షకు వాడే గోధుమ రసాన్ని మామూలుగా నీటి ఆధారంతో తీస్తారు. గోధుమలో తీవ్రమైన అలర్జీకి కారణమయ్యే గ్లయాడిన్ ప్రొటీన్లు, ముఖ్యంగా ఒమేగా-5 గ్లయాడిన్, నీటిలో సరిగా కరగవు. వాటిని తీయాలంటే ఆల్కహాల్ కావాలి. అందుకని నిజంగా అలర్జీ ఉన్న బిడ్డకు కూడా ఒక్కోసారి దద్దురు లేవదు. తిన్న వెంటనే జరిగింది గట్టి అనుమానం కలిగిస్తుంటే అనుభవమున్న వైద్యులు నెగిటివ్ ఫలితంతో ఆగరు. ఒమేగా-5 గ్లయాడిన్‌కు ఐజీఈ ఉందేమో రక్తంలో వెతికిస్తారు. ఒళ్లంతా గజ్జి పుండ్లలా ఎగ్జిమా ఉండి గుచ్చడానికి చోటు లేని పిల్లలకూ, అలర్జీ మందు ఆపలేని పిల్లలకూ కూడా రక్త పరీక్షే దారి.

ఈ అంతరం ఎంతటిదో పొరుగున ఉన్న కర్ణాటకలో తేలింది. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద జరిగిన యూరోప్రివాల్ అధ్యయనం 2016లో ప్రచురితమైంది. ఏదో ఒక తిండి పదార్థానికి ఐజీఈ ఉన్నవాళ్లు 26.5 శాతం ఉన్నారు. లక్షణాలతో సహా చూస్తే తిండి అలర్జీ ఉన్నట్టు అనిపించినవాళ్లు 1.2 శాతమే. పరీక్ష కాగితాన్నే నమ్ముకుని ఉంటే నూటికి పాతిక మంది ఇష్టమైన తిండి మానేయాల్సి వచ్చేది.

అందువల్లే ఎనభై, నూట ఇరవై పదార్థాలు ఒకేసారి పరీక్షించే ‘ఫుల్ ప్యానెల్’ అంటే భయపడాలి. చుక్కలు పెరిగేకొద్దీ తప్పుడు పాజిటివ్‌లూ పెరుగుతాయి. తర్వాత బిడ్డకు గోధుమ, పాలు, గుడ్డు, వంకాయ, పప్పు వద్దంటూ ఒక జాబితా ఇంటికి వస్తుంది. ఎదిగే వయసులో ఆ జాబితా చేసే హాని జబ్బు చేసే హాని కంటే తక్కువేమీ కాదు. ఐజీజీ పేరుతో చేసే తిండి పరీక్షలు మరీ దండగ. ఐజీజీ ఉందంటే ఆ పదార్థాన్ని తింటున్నారని మాత్రమే తెలుస్తుంది. అలర్జీని తేల్చడానికి వాటిని వాడొద్దని ప్రపంచంలోని అలర్జీ వైద్య సంఘాలు స్పష్టంగానే చెబుతున్నాయి. వెంట్రుకలు పంపించి చేయించే పరీక్షలదీ ఇదే దారి.

కాబట్టి లాన్సెట్ కంటే ముందు కావాల్సింది తల్లి చెప్పే కథ. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎంతసేపటికి ఏం వచ్చింది, ఎంతసేపు ఉంది, అదే పదార్థం అంతకు ముందు తిన్నప్పుడు ఏమైంది, అప్పుడు జ్వరం గానీ మందులు గానీ ఉన్నాయా. దద్దుర్లు లేచినప్పుడు సెల్‌ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే చాలు, నెల తర్వాత వైద్యుడి ముందు మాటలు తడుముకోనక్కర్లేదు. ప్యాకెట్ తిండి అయితే ఆ ప్యాకెట్టే తీసుకెళ్లాలి. కథ, దద్దురు ఒకే మాట చెబితే నిర్ధారణ అయినట్టే. రెండూ చెరో మాట చెబితే ఆసుపత్రిలో పెట్టుకుని తినిపించి చూడటమే చివరి పరీక్ష. రవ్వంత మోతాదుతో మొదలుపెట్టి, ఇరవై, ముప్పై నిమిషాలకోసారి పెంచుతూ పోతారు. ప్రాణం మీదికి వస్తే ఇవ్వడానికి పక్కన అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది. తినడం పూర్తయ్యాక మరో రెండు గంటలు కనిపెట్టి చూస్తారు. ఇది నిపుణులు ఉన్న చోటే జరగాలి. నంద్యాలలో శాంతిరామ్ వైద్య కళాశాలకు తోడు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. మొదట కలవాల్సింది దగ్గరలోని పిల్లల వైద్యుణ్నే. ఎవరికి హైదరాబాద్, బెంగళూరు, వేలూరు దాకా వెళ్లే అవసరం ఉందో, ఎవరికి లేదో ఆయన చెప్పగలరు.

చర్మానికీ తిండికీ ఉన్న సంబంధాన్ని జపాన్ కళ్లకు కట్టింది. అక్కడ గోధుమ ప్రొటీన్‌ను విడగొట్టి కలిపిన ముఖం సబ్బు ఒకటి బాగా అమ్ముడుపోయింది. అంతకు ముందు రొట్టెలు, నూడుల్స్ తిని ఏమీ కాని రెండు వేల మందికి పైగా ఆ సబ్బు వాడాక గోధుమ అలర్జీ పాలయ్యారు. చర్మం ద్వారా లోపలికి వెళ్లిన ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంది. మన ఇళ్లలో పసిబిడ్డలకు నలుగు పెట్టడం మామూలు. శనగపిండి, పెసరపిండి, కొన్నిచోట్ల గోధుమపిండి ముద్దతోనూ ఒళ్లు రుద్దుతారు. చర్మం పగిలి, ఎగ్జిమాతో ఎర్రబడిన బిడ్డకు ఈ పిండ్లేవీ రుద్దకపోవడమే మంచిది. ఆరు నెలలు నిండాక అదే గోధుమను నోటి ద్వారా కొద్దికొద్దిగా అలవాటు చేయడంలో మాత్రం తప్పు లేదు.

అలర్జీ ఖాయమైతే? ఈ ప్రాంతం పిల్లలు ఒక రకంగా అదృష్టవంతులు. ఉగ్గాని బొరుగులతో చేసేది, అంటే వరి. జొన్న, కొర్ర, సజ్జ, రాగి అందుబాటులోనే ఉన్నాయి. గోధుమ అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది మిగతా ధాన్యాలను నిక్షేపంగా తినగలరు. బార్లీ మాత్రం గోధుమకు మరీ దగ్గరి బంధువు కాబట్టి వైద్యుణ్ని అడగకుండా పెట్టకూడదు. చిక్కు వచ్చేది దాగి ఉన్న గోధుమతో. జొన్నరొట్టె విరగకుండా ఉండాలని హోటళ్లలో పిండిలో కొంత గోధుమపిండి కలుపుతారు. ఒకే పిండి మిషనులో గోధుమలు పట్టిన వెంటనే జొన్నలు పోస్తే ఆ పిండి ఇందులోకి వస్తుంది. మైసూరు బోండా మైదాతో చేస్తారు, సేమ్యా కూడా గోధుమదే. బజారులో దొరికే ఇంగువలో చాలా రకాలు మైదా లేదా గోధుమపిండి కలిపినవే, డబ్బా మీద చదివితే తెలుస్తుంది. ప్యాక్ చేసిన తిండి మీద గోధుమ ఉంటే ఆ మాట రాసి తీరాలని 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు చెబుతున్నాయి. బేకరీ అద్దాల వెనక విడిగా అమ్మే సరుకు మీద ఆ అక్షరాలు ఉండవు.

ఊపిరి అందకపోవడం, గొంతు బొంగురుపోవడం, బిడ్డ మెత్తబడి సొమ్మసిల్లడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. అప్పుడు ఏవిల్, డెక్సా ఇంజెక్షన్లతో సరిపెడితే బిడ్డ చేయి దాటిపోవచ్చు. ప్రాణం నిలిపేది అడ్రినలిన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ బయటి వైపు కండరంలో ఇస్తారు. ఖరీదైన మందు కాదు, చిన్న ఆసుపత్రిలో కూడా ఉండాల్సిన ఆంప్యూల్. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లాక ఇద్దామనుకోకుండా దగ్గరలో ఉన్న చోటే ఆ మొదటి ఇంజెక్షన్ పడాలి, ఈలోగా 108కి ఫోన్ చేయాలి. అలర్జీ తేలిన బిడ్డ అమ్మానాన్నలు తమ ఊళ్లో ఆ మందు ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని ఉండాలి. అంగన్‌వాడీ టీచరుకు, బడిలో హెడ్మాస్టరుకు కాగితం మీద రాసి ఇవ్వాలి.

చాలామంది పిల్లలు ఈ అలర్జీని దాటేస్తారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు తమ దగ్గరికి వచ్చిన గోధుమ అలర్జీ పిల్లలను గమనించి 2009లో ప్రచురించిన లెక్కల ప్రకారం నాలుగేళ్లకు 29 శాతం, ఎనిమిదేళ్లకు 56 శాతం, పన్నెండేళ్లకు 65 శాతం మంది గోధుమ తినగలిగారు. అందుకే ఒకసారి రాసిన ‘వద్దు’ను పదేళ్ల పాటు మోయనక్కర్లేదు. ఏడాదికో, ఏడాదిన్నరకో మళ్లీ చర్మ పరీక్ష చేయించి, దద్దురు తగ్గుముఖం పట్టిందేమో చూసుకోవాలి. తగ్గితే ఆసుపత్రిలో తినిపించి చూస్తారు. ‘ఇప్పుడు పడుతుందేమో’ అని ఇంట్లో సగం చపాతీ పెట్టి చూడకూడదు. రెండోసారి వెళ్లేటప్పుడు పాత టేపు అతికించిన ఆ కేసు కాగితం వెంట ఉండాలి.